ఎదిగే పిల్ల, కష్టమైన ఏడాది

ఇంట్లో పదో తరగతి పిల్ల వుంటే ఆ ఏడాది ఇల్లంతా పదో తరగతే చదువుతుంది. టీవీ గొంతు తగ్గిపోతుంది. చుట్టాలు వస్తామంటే 'పరీక్షలు కానీయండి' అంటాం. పెళ్ళిళ్ళకు ఇంటాయన ఒక్కరే వెళ్ళి అక్షింతలు వేసి వచ్చేస్తారు. జూన్‌లో బడి తెరిచిన నాటి నుంచి ఆఖరి పరీక్ష రాసి పిల్ల గడప తొక్కేదాకా ఇదే తంతు. ఇంత చేసిన మనం ఆ తరువాత మార్కుల మెమో చూస్తాం, పక్కింటి పిల్ల మెమో కూడా కనుక్కుంటాం. 'ఈ ఏడాది నీకెట్లా గడిచింది తల్లీ?' అని మాత్రం అడగం. అడిగినా 'బాగానే' అనేసి లోపలికి పోతుంది. ఆ 'బాగానే' వెనకాల ఎంత వుందో ఎవరికీ పట్టదు.

కష్టమైన ఏడాది పిల్లను ఎదిగిస్తుందనేది అందరూ చెప్పేదే. అయితే కష్టంలో ఏ భాగం ఎదిగిస్తుంది, ఏ భాగం విరిచేస్తుంది అన్నది తల్లులకు తెలిసి వుండాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ సంగతే.

మేముండేది మేడ్చల్‌లో. మా వూరి మీదుగా నాగపూరు రోడ్డు పోతుంది. తూర్పుకు కొంచెం దూరంలో శామీర్‌పేట మీదుగా కరీంనగర్ రోడ్డు. ఈ రెండు రోడ్ల నడుమ వున్న నేలంతా ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు. ఇప్పుడు పందిళ్ళు పోయి హాస్టళ్ళు లేచాయి. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగర్ దగ్గర బిట్స్ కళాశాల, హకీంపేటలో రాష్ట్ర క్రీడా పాఠశాల. ఇవి కాక ప్రైవేటు రెసిడెన్షియల్ బళ్ళు, ప్రభుత్వ గురుకులాలు. ఆదివారం వస్తే చాలు, గేట్ల ముందు చెట్ల కింద చాపలు పరుచుకుని తల్లులు కూర్చుంటారు. టిఫిన్ క్యారియర్లు, సకినాల డబ్బాలు, ఉతికిన బట్టల సంచులు. మాటలు మాత్రం అన్ని చాపల మీదా ఒకటే. 'తిన్నవా? ఎన్నొచ్చినయ్? మొన్నటి కన్నా తగ్గినయేంది?' అంతలోనే గంట కొడతారు.

మా ఆడబిడ్డ కూతురు అట్లాంటి ఒక బళ్ళోనే పదో తరగతి చదివింది. పరీక్షలయ్యాక పెట్టె సర్దుతుంటే రఫ్ నోట్సు చివర రెండు పేజీల రాత బయటపడింది. డైరీ అనలేం. ఆ ఏడాది మొత్తం తలచుకుని ఒక్క రాత్రి కూర్చుని రాసినట్టుంది. తల్లి చదివి కంగారుపడి నాకు చూపించింది. పిల్లనడిగితే 'అత్తమ్మ చదివితే ఏంకాదు' అంది గనుక నేనూ చదివాను, ఆమె ఒప్పుకుంటేనే మీకూ చెబుతున్నాను.

అందులో గొప్ప మాటలేం లేవు. జులైలో లెక్కల స్లిప్ టెస్టులో పాతికకు ఆరొచ్చాయి, ఇంట్లో చెప్పలేదు. బట్టలు తానే ఉతుక్కోవడం వచ్చింది, జీన్సు పిండడం మాత్రం ఇప్పటికీ రాదు. లైటు వెలుగుతున్నా నిద్రపోవడం అలవాటయింది. పక్క మంచం పిల్ల వినాయకచవితికి ఇంటికెళ్ళి మళ్ళీ రాలేదు, ఆ మంచం రెండు నెలలు ఖాళీగా వుంది. ఇట్లాంటివే అన్నీ. తల్లి కళ్ళకు ఆ దాచిన ఆరు మార్కులే కనపడ్డాయి. నాకు మాత్రం ఇంకో చోట చూపు ఆగింది. దసరా సెలవులకు ఇంటికొచ్చి మూడు రోజులు పడుకునే వున్నాననీ, తరువాత బతుకమ్మ పేర్చాననీ, సెలవుల ఆఖర్న ఆ ఆరు మార్కుల పేపరు తీసి చూస్తే లెక్కలు చాలావరకు వచ్చేశాయనీ రాసింది. ఎట్లా వచ్చాయో తెలియదు, మధ్యలో పుస్తకమే ముట్టలేదు అని కూడా రాసింది.

ఎట్లా వచ్చాయో చెప్పాలంటే మిమ్మల్ని ఒక కొండ దాకా తీసుకెళ్ళాలి.

మా మేడ్చల్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతే రెండు గంటల్లో కామారెడ్డి వస్తుంది. దాని దగ్గరే తాడ్వాయి. అక్కడి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో 2013లో ఒక పిల్ల తొమ్మిదో తరగతి చదువుతూ వుంది. పేరు మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, లంబాడీ కుటుంబం, తల్లిదండ్రులు పొలం పనులు చేసుకునేవారు. ఇప్పుడా పేరు తెలియనివారు లేరు గాని, ఆ ఏడాది మొదట్లో ఆమె మన పిల్లల్లాగే చెమటపట్టిన యూనిఫాంతో బడికి వెళ్ళే ఒక ఆడపిల్ల.

ఆ గురుకులాలు మొదలు కావడానికి చాలావరకు ఎస్.ఆర్. శంకరన్ అనే ఐ.ఏ.ఎస్. అధికారి పట్టుదల కారణం. 2013 నాటికి వాటి కార్యదర్శిగా ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ అనే పోలీసు అధికారి వుండేవారు. గురుకుల పిల్లలకు కొండలెక్కడం నేర్పాలని తలపెట్టి, వంద మందికి పైగా పిల్లల్ని భువనగిరికి పంపించారు. భువనగిరి కోట చూసినవారికి తెలుసు, అది ఒకే బండ. ఐదు వందల అడుగుల పైచిలుకు ఎత్తున ఏనుగు వీపులా నున్నగా వుంటుంది. మొదటిసారి దాన్ని కింద నుంచి చూసినప్పుడు కాళ్ళు వణికాయని పూర్ణే తరువాత చెప్పుకుంది. నేర్పినవారు శేఖర్‌బాబు బాచినేపల్లి. ఆయన 2007లో ఎవరెస్టు ఎక్కి వచ్చిన మనిషి.

ఆ వంద మందిలో ఇరవై మందిని ఏరి డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపారు. అక్కడ మంచు మీద నడవడం, తాడు పట్టుకోవడం నేర్చుకుని సుమారు ఐదు వేల మీటర్ల ఎత్తున్న రెనాక్ శిఖరం ఎక్కారు. వారిలోంచి కొందరిని చలికాలంలో లడఖ్ తీసుకెళ్ళారు. సున్నాకు ముప్పై డిగ్రీల దిగువ చలి. మనకిక్కడ జనవరిలో పదిహేను డిగ్రీలకే స్వెట్టర్లు బయటికొస్తాయి! చివరికి మిగిలింది ఇద్దరు. పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. 2014 మే 25 తెల్లవారుజామున ఆరు గంటల వేళ పూర్ణ ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. అప్పటికామెకు పదమూడేళ్ళ పదకొండు నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకు ముందు ఎవరూ లేరు. ఆనంద్ కూడా ఎక్కాడు. జాతీయ జెండాతో పాటు అంబేద్కర్ బొమ్మ, శంకరన్ గారి బొమ్మ కూడా అక్కడికి తీసుకెళ్ళారు.

పేపర్లలో, 2017లో వచ్చిన 'పూర్ణ' అనే హిందీ సినిమాలో మనం చూసింది ఆ శిఖరాన్ని. తల్లులుగా మనం చూడవలసింది ఇంకొకటి వుంది. ఆ యాత్ర మొత్తం 52 రోజులు. పైన నిలబడింది కాసేపు. మరి ఆ తక్కిన రోజులన్నీ ఏం చేశారంటారు?

ఎక్కారు, దిగారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ దిగారు. ఊరికే కూర్చున్నారు. గాలి కోసం, వాతావరణం కోసం కాచుకున్నారు.

దీని కథ ఏమిటంటే, టిబెట్ వైపు నుంచి వెళ్ళేవారికి మొదటి మజిలీ ఐదు వేల రెండు వందల మీటర్ల ఎత్తున వుంటుంది. అక్కడే మనం పీల్చే ప్రాణవాయువు ఇక్కడి దానిలో సగానికి వచ్చేస్తుంది. శిఖరం మీదయితే మూడో వంతే. మన మేడ్చల్ మనిషిని ఉన్నపళాన తీసుకెళ్ళి ఆ శిఖరం మీద దింపితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. అందుకని పర్వతారోహకులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పగలు ఎత్తుకు ఎక్కు, రాత్రి కిందికి దిగి నిద్రపో. ఎత్తున వున్నప్పుడు వొంటికి ఊపిరాడదు. ఆ ఇబ్బందిని కనిపెట్టి మూత్రపిండాలు రక్తంలోకి ఒక హార్మోను వదులుతాయి. అది ఎముకల లోపలి మూలుగకు వెళ్ళి, ఎర్రకణాలు ఇంకా చెయ్యమని చెబుతుంది. ఈ పని ఒక పూటలో అయ్యేది కాదు, వారాలు పడుతుంది. కిందికి దిగి, కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపోతే వొళ్ళు ఆ పని సజావుగా చేసుకుంటుంది. దిగకుండా పైనే మొండిగా కూర్చుంటే వొళ్ళు క్షీణిస్తుంది. ఎనిమిది వేల మీటర్ల పైన ఎన్నాళ్ళున్నా అలవాటు పడదు, అరిగిపోవడమే. దాన్ని మృత్యుమండలం అంటారు.

అంటే ఏమిటన్నమాట? ఎక్కడం కబురు పెడుతుంది. ఎదగడం దిగి వచ్చాక జరుగుతుంది.

ఇది కొండకు మాత్రమే చెల్లే సూత్రం అనుకోకండి. కండ అంతే. హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతికి పిల్లల్ని తీసుకునేటప్పుడు ఎనిమిది, తొమ్మిదేళ్ళ వాళ్ళను పరిగెత్తించి, గెంతించి, మెడిసిన్ బాలు విసిరించి, ఎనిమిది వందల మీటర్లు ఉరికించి ఎంపిక చేస్తారు. ఎత్తుకూ బరువుకూ కూడా పాయింట్లున్నాయి. రాష్ట్రం నలుమూలల నుంచి తల్లులు పిల్లల చేయి పట్టుకుని వస్తారు. ఎంపికైన పిల్ల తల్లి 'మా పాప ఇక పొద్దస్తమానం ఉరుకుతూనే వుంటుంది' అనుకుంటుంది. ఆటలు నేర్పే ఏ మంచి కోచ్‌నైనా అడగండి, గట్టి సాధన చేసిన మర్నాడు తేలిక సాధన పెడతానంటారు. బరువెత్తినప్పుడు కండ పోగుల్లో సన్నని చీలికలు వస్తాయి. అవి మానేటప్పుడు కండ ఇంకా బలంగా అల్లుకుంటుంది. మానే వ్యవధి ఇవ్వకపోతే గాయం గాయంగానే వుంటుంది. పిల్లల ఎదుగుదలకు కావలసిన హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది కూడా రాత్రి మొదటి జాము గాఢనిద్రలోనే. 'నిద్రలో పెరుగుతారు' అని మన అమ్మమ్మలు వూరికే అనలేదు.

ఇక చదువు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అని ఒక జర్మన్ ఆచార్యుడు, అర్థం లేని అక్షరాల ముక్కలు తానే వేల కొద్దీ బట్టీపట్టి, ఎన్నాళ్ళకు ఎంత మరిచిపోతున్నాడో లెక్క రాసుకుని 1885లో పుస్తకం వేశాడు. (ఆయన భార్య ఎట్లా భరించిందో పాపం!) ఒకే రోజు అన్నిసార్లూ వల్లెవేసిన దానికన్నా, రోజుల ఎడం ఇచ్చి వల్లెవేసినదే తక్కువ శ్రమతో గుర్తుంటుందని ఆయన తేల్చాడు. ఆ తరువాత వచ్చిన శాస్త్రజ్ఞులు దానికి నిద్రను కలిపారు. పగలు నేర్చినదాన్ని మెదడు రాత్రిపూట మళ్ళీ తిరగేసి సర్దుతుందని కనిపెట్టారు. మనం రాత్రి వంటిల్లు సర్దుకుంటే పొద్దున్నే ఏ డబ్బా ఎక్కడుందో చేతికి తెలిసినట్టు! మా మేనకోడలి లెక్కలు బతుకమ్మ పేర్చే వేళకు సర్దుకున్నాయి. జులై నుంచి ఆ పిల్ల పడ్డ పాట్లు వృథా పోలేదు. దిగి వచ్చే చోటు దొరికేదాకా అవి ఫలించలేదంతే.

ఇప్పుడు మన పిల్లల దినచర్య చూడండి. తెల్లవారుజామున ఐదింటికి లేపే హాస్టళ్ళున్నాయి. రాత్రి పది, పదిన్నర దాకా స్టడీ అవర్. ఇంటి దగ్గర వుండే పిల్లల సంగతీ దీనికి తీసిపోదు. బడి, ట్యూషన్, హోంవర్కు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. పైగా ఈ వయసులో వొంట్లోని గడియారమే వెనక్కి జరుగుతుంది. చిన్నప్పుడు తొమ్మిదింటికి తూగిన పిల్ల ఇప్పుడు పదకొండైనా కళ్ళు తెరుచుకునే వుంటుంది, పొద్దున లేవలేదు. మనం దాన్ని బద్ధకం అంటాం. సెల్‌ఫోను వల్ల అది ఇంకా ముదురుతుంది, నిజమే. కాని మూలం వయసులోనే వుంది. ఐదింటికి లేపి కూర్చోబెట్టిన పిల్ల పుస్తకం ముందుంటుంది గాని, ఆమె మెదడు ఇంకా మంచం మీదే వుంటుంది.

కొండ సంగతిలో ఎర్రకణాల మాట చెప్పాను. అది ఆడపిల్లల తల్లులు మరి కొంచెం శ్రద్ధగా వినాలి. ఎర్రకణాలు చెయ్యమని వొళ్ళు ఎంత అడిగినా, లోపల ఇనుము లేకపోతే మూలుగ ఏం పెట్టి చేస్తుంది? 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత వుందని తేలింది. రక్తంలో హిమోగ్లోబిన్ పన్నెండు గ్రాములు దాటాలి. తగ్గితే పిల్ల మెట్లెక్కితే ఆయాసపడుతుంది, చదివిందే చదువుతుంది, ఊరికే విసుక్కుంటుంది. సరిగ్గా ఈ లక్షణాలనే మనం 'చదువు మీద ధ్యాస లేదు' అంటాం. నెలనెలా బయట వున్న పిల్ల నష్టపోయే ఇనుమును ఎవరూ లెక్కపెట్టరు. ప్రభుత్వ బళ్ళలో వారానికి ఒక ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇచ్చే పథకం వుంది. చాలామంది పిల్లలు కడుపులో వికారమని దాన్ని కిటికీలోంచి విసిరేస్తారు. భోజనం చేశాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. ఆదివారం క్యారియర్లో మనం పెట్టే బూరెలు, గారెలతో పాటు తోటకూర పప్పు, నువ్వుల ఉండలు, పల్లీ బెల్లం పట్టీలు పెట్టండి. జామకాయో, నిమ్మకాయ పిండిన పెసర మొలకలో తోడుంటే ఆ ఇనుము వొంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పడేదీ పడదు. పరీక్షలప్పుడు నిద్ర రాకుండా పిల్లలకు ఫ్లాస్కు నిండా టీ పెట్టి ఇచ్చే తల్లులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

మళ్ళీ పూర్ణ దగ్గరికొస్తాను. ఆమె కథను నేను పొగడ్త కోసం చెప్పడం లేదు. పదమూడేళ్ళ పిల్లను అంత ఎత్తుకు పంపవచ్చా అని అప్పుడు చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే. నేపాల్ ప్రభుత్వం పదహారేళ్ళ లోపు వారిని ఎవరెస్టుకు అనుమతించదు. అందుకే వీళ్ళు టిబెట్ వైపు నుంచి వెళ్ళారు. యాత్ర మొదట్లోనే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచుచరియ విరిగిపడి పదహారు మంది చనిపోయారు. అంతా కొండ మీద కూలికి బరువులు మోసి, తాళ్ళు కట్టే షెర్పాలు, నేపాలీ మనుషులు. వెనక్కి వచ్చేస్తారా అని పిల్లల్ని అడిగితే ఇద్దరూ ముందుకే పోతామన్నారు. పాకాలలో వున్న ఆ తల్లి ఆ రోజులు ఎట్లా గడిపిందో ఊహించుకోండి. నన్నడిగితే నా పిల్లను నేను పంపేదాన్ని కాదు. అయితే ఆ పిల్లను పంపినవాళ్ళు ఒక్కసారిగా పంపలేదని కూడా ఒప్పుకోవాలి. ముందు బండ, తరువాత ఐదు వేల మీటర్లు, తరువాత చలి, ఆ తరువాతే ఎవరెస్టు. ప్రతి మెట్టు దగ్గరా చూసి, 'ఈ పిల్ల ఇక్కడికి చాలు' అని వెనక్కి పంపే మనిషి ఒకరున్నారు. వంద మందిలో తొంభై ఎనిమిది మంది మధ్యలో ఆగినవారే. వాళ్ళు ఓడిపోయినట్టు ఎవరూ చెప్పుకోలేదు. బండెక్కడం నేర్చుకుని బళ్ళకు తిరిగి వచ్చారు. మన చదువుల్లో అట్లా 'చాలు' అనే మనిషి ఎవరు? ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అంటే, అది భువనగిరి బండ చూపించకుండా ఎవరెస్టు కింద నిలబెట్టడమే గదా!

ఇంకొకటి. పూర్ణ తిరిగొచ్చాక పదిమందిలో మాట్లాడినప్పుడల్లా శిఖరం సంగతితో పాటు, దారిలో మంచులో పడివున్న శవాలను చూసి భయపడిన సంగతి కూడా చెప్పింది. డబ్బా తిండి సయించలేదని చెప్పింది. భయమేసిందని చెప్పడానికి ఆ పిల్ల సిగ్గుపడలేదు. భయాన్నీ తిండినీ పక్కపక్కన పెట్టి చెప్పడమే నాకు నచ్చింది. గడిచిన ఏడాదిని పిల్ల తన నోటితో చెప్పుకోవడం కూడా కొండ దిగడంలో ఒక భాగమే. పడిన కష్టం మనసులో ముద్దగా వుండిపోకుండా, ఇది జులైలో జరిగింది, ఇది దసరాకు తీరింది అని ఒక వరసలో పడుతుంది. మా మేనకోడలి రెండు పేజీలు ఆ వరసే. ఆ పిల్ల రాసుకోగలిగింది. రాసుకోలేని పిల్లలకు చెప్పుకునే చోటు కావాలి.

మెమో ఆ పని చెయ్యదు. మన కళ్ళ ముందే ఆ మెమో ఎన్నిసార్లు రూపు మార్చుకుందో చూడండి. 2012లో మార్కులు తీసేసి గ్రేడ్లు పెట్టారు. 2020లో, 2021లో కరోనా వల్ల పరీక్షలు రద్దయి అందర్నీ పాస్ చేశారు. 2022లో తెలంగాణలో పదకొండు పేపర్లు ఆరయ్యాయి. 2025లో మళ్ళీ మార్కులే వచ్చాయి. పరీక్ష లేకుండా పాసైన ఆ రెండేళ్ళ పిల్లలు కూడా పెరిగి పెద్దవాళ్ళయ్యారు, ఉద్యోగాల్లో చేరుతున్నారు.

దిగే చోటు లేకపోతే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో దొర్లిన తప్పుల గురించి పేపర్లు చాలా రాశాయి, విచారణలూ జరిగాయి. ఆ వివరాల్లోకి నేను వెళ్ళను. ఆ పిల్లల్లో చాలామందికి ఆ సాయంత్రం ఎవరి దగ్గరికెళ్ళి 'పోయిందమ్మా' అనాలో తెలియలేదన్నదే నా గుండెలో ముల్లులా వుండిపోయింది.

అందుకని ఆదివారం చాప మీద కూర్చున్నప్పుడు మాటల వరస మార్చి చూడండి. హాస్టల్లో ఫోను ఇచ్చేది ఐదు నిమిషాలే అయినా సరే. ముందు 'నిద్ర పడుతోందా?' అని అడగండి. తరువాత 'ఈ వారం ఏది కష్టమనిపించింది?' అనండి. జవాబు వెంటనే రాదు. గోడకేసి చూస్తుంది, సకినం విరుస్తూ కూర్చుంటుంది. తొందరపడి మనమే అందించకూడదు. చెప్పాక వెంటనే పరిష్కారం కూడా చెప్పకూడదు, ఇది మరీ కష్టం మనకు! 'ఊఁ, తరువాత?' అంటే చాలు. మార్కులు ఎట్లాగూ బడివాళ్ళు మెసేజి పంపుతారు, మనం అడగకపోయినా తెలుస్తాయి.

సెలవులు వచ్చినప్పుడు మొదటి మూడు నాలుగు రోజులు పిల్ల మొద్దునిద్ర పోతే పోనివ్వండి. అత్తగారు ఏమంటారో, ఇంటాయన ఏమంటారో అని మీరు తలుపు తట్టి లేపకండి. పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే ఇంటర్ 'బ్రిడ్జి కోర్సు' అని ఫోన్లు వస్తాయి. ఈ వారమే చేరితే ఫీజు తగ్గింపు అంటారు. మా ఆడబిడ్డకూ వచ్చింది. 'మే నెల ఆఖరుకు చెబుతా' అని పెట్టేసింది. పిల్ల ఆ నెలంతా ఏం చేసిందంటే పెద్దగా ఏం లేదు. వాళ్ళ నాయనమ్మ దగ్గర ఆవకాయకు ముక్కలు తుడిచింది. సాయంత్రాలు శామీర్‌పేట చెరువు కట్ట మీదికి తమ్ముణ్ణి సైకిలెక్కించుకుని పోయింది. వరసగా నాలుగు కిలోల బరువు ఎక్కింది, తగ్గినవే మూడు!

పూర్ణ కూడా ఎవరెస్టు దిగగానే ఇంకో కొండకు ఉరకలేదు. రెండేళ్ళాగి 2016లో ఆఫ్రికాలోని కిలిమంజారో ఎక్కింది. మధ్య మధ్య చదువుకుంటూ, ఒక్కో ఖండంలోని ఎత్తైన కొండనూ ముగించుకుంటూ వచ్చి, ఏడోదైన డెనాలీని ఎక్కేసరికి 2022 జూన్ అయింది. అంటే మొదటి దానికీ చివరి దానికీ మధ్య ఎనిమిదేళ్ళు.

చివరగా ఒక నంబరు చెబుతాను. పిల్ల నాలుగైదు రోజులుగా తిండి మానేసినా, నిద్ర పూర్తిగా పోయినా, 'నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది' వంటి మాట ఒక్కటి అన్నా, దాన్ని కోపంలో అన్న మాట అని కొట్టిపారేయకండి. ప్రభుత్వం 2022లో టెలీ మానస్ అని ఒక ఫోను సహాయం పెట్టింది. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. పిల్లలూ చెయ్యవచ్చు, తల్లులూ చెయ్యవచ్చు. ఆ నంబరు 14416. వంటింటి క్యాలెండరు మీద, పిల్ల రఫ్ నోట్సు వెనక అట్ట మీద రాసి పెట్టండి.